పళ్ళెంలో పది కుటుంబాలు, చేలో రెండే

గుంటూరు, పల్నాడు జిల్లాల ఇళ్లలో కొత్త పండుమిరప చేతికి రాగానే గోంగూరతో కలిపి నిల్వపచ్చడి పడతారు. ఆ జాడీలోకి వృక్షశాస్త్రం కళ్లతో తొంగిచూస్తే ఈ ప్రాంతపు వ్యవసాయమంతా అందులోనే ఉంటుంది. గోంగూర పత్తికి దగ్గరి చుట్టం. రెండూ మాల్వేసి కుటుంబానివి. పండుమిరప సొలనేసి కుటుంబానిది. వంగ, టమాటా, బంగాళాదుంప, పొగాకు దాని తోబుట్టువులు. దాచేపల్లి నుంచి పిడుగురాళ్ల మీదుగా నరసరావుపేట దాకా, ఇటు గురజాల, కారంపూడి వైపు, ఖరీఫ్‌లో రోడ్డుకు రెండు పక్కలా కనిపించే మెట్ట పైర్లలో సింహభాగం ఈ రెండు కుటుంబాలదే. అదే ఊళ్లలో మధ్యాహ్నం పళ్ళెంలోకి వచ్చేదాన్ని చూడండి. అన్నం గడ్డిజాతి కుటుంబం. కందిపప్పు, చింతపండు, పోపులో మెంతులు చిక్కుడు కుటుంబం. ఆవాలు క్యాబేజీ కుటుంబం. జీలకర్ర, ధనియాలు, ఇంగువ, కొత్తిమీర అన్నీ ఒకే కుటుంబం. కరివేపాకు నిమ్మ కుటుంబం, పసుపు అల్లం కుటుంబం. ఉల్లి, వెల్లుల్లిది ఒకటి, దోసకాయ, బీరకాయలది ఒకటి, పచ్చట్లో పోసిన నువ్వులనూనెది ఇంకొకటి. గోంగూరను, మిరపను కలుపుకుంటే లెక్క పది దాటిపోయింది. పళ్ళెంలో పది కుటుంబాలకు చోటిచ్చిన ప్రాంతం చేలో మాత్రం రెండింటికే చోటిస్తోంది. తెగుళ్లు, పురుగులు, నేల సారం, మందుల ఖర్చు చాలావరకు కుటుంబాల వెంటే నడుస్తాయి కాబట్టి ఈ తేడా గురించి ఆలోచించక తప్పదు. ఏ మొక్క ఏ కుటుంబానిదో తెలిసి పెరడు, పొలం వేసుకోవడం పత్తి, మిరప పండించే ప్రాంతానికి అన్నిటికంటే ముందు కావలసిన తెలివిడి అని ఈ కథనం వాదన.

కుటుంబాన్ని గుర్తుపట్టడానికి ముందు చూడాల్సింది పువ్వును. పత్తిపువ్వు, బెండపువ్వు, గోంగూరపువ్వు, మందారం నాలుగూ కోసి వరసగా పెట్టండి. నాలుగింటికీ రేకులు ఐదే. ఒక రేకు అంచు పక్క రేకు మీదికి ఎక్కి, మొగ్గలో ఉన్నప్పుడు మెలి తిరిగి ఉంటాయి. నడిమధ్యలో కేసరాలు విడివిడిగా లేవు, అన్నీ కలిసి ఒక గొట్టంగా అతుక్కుని, ఆ గొట్టం లోపలినుంచి కీలం పైకి వస్తుంది. మందారంలో ఆ గొట్టం బయటికి పొడుచుకొస్తుంది కాబట్టి చిన్నపిల్లలైనా గుర్తుపడతారు. పత్తిలో అది రేకుల మధ్య ఒదిగి ఉంటుంది. బెండకు, గోంగూరకు గొంతు దగ్గర ముదురు ఎరుపు మచ్చ. అమెరికన్ రకం పత్తిపువ్వు పొద్దున మీగడ రంగులో విచ్చుకుని మర్నాటికి గులాబీ రంగుకు తిరిగి వాడిపోతుంది. రంగులు వేరైనా కట్టడం ఒకటే. ఇటు మిరప, వంగ, టమాటా పూలు చూడండి. ఐదు కోణాల చుక్కలాంటి పువ్వు, రేకులు అడుగున అతుక్కుని ఉంటాయి. మిరపది తెలుపు, వంగది ఊదా, టమాటాది పసుపు. పువ్వు రాలిపోయినా కింది పచ్చని పుష్పకోశం రాలదు, కాయ నెత్తిన ముచ్చికగా మిగిలిపోతుంది. కూర తరిగేటప్పుడు మనం కోసి పారేసే వంకాయ ముచ్చిక, మిరపకాయ తొడిమ దగ్గరి టోపీ, టమాటా నెత్తిన ఉండే పచ్చని చుక్క, మూడూ ఆ కుటుంబపు గుర్తులే. ఇంటర్మీడియట్ మొదటి ఏడాది వృక్షశాస్త్రం పుస్తకంలో సొలనేసి పాఠం ఉంది. పల్నాడు పిల్లలు దాన్ని మార్కుల కోసం బట్టీ పడతారు. ఆ పాఠంలో ఉన్నది వాళ్ల నాన్న చేను అని చెప్పేవాళ్లు మాత్రం తక్కువ.

పువ్వులో పోలిక ఉన్నచోట రసాయనంలోనూ పోలిక ఉంటుంది. మాల్వేసి మొక్కలకు జిగురు ఎక్కువ. బెండకాయ కోస్తే చేతికి అంటుకునేది, మందారాకు నలిపితే వచ్చేది, గోంగూర ఉడికితే పచ్చడిని ముద్దగా పట్టి ఉంచేది ఈ జిగురే. అందుకే బెండకాయ వేపుడుకు కాయల్ని కడిగి తడి ఆరాక కోస్తారు, పులుసులోకైతే చింతపండు పులుపు పడ్డాక జిగట విరుగుతుంది. బెల్లం వండే చోట చెరకురసం మీద మడ్డి తేలేలా చేయడానికి బెండ కాండం నలిపిన జిగురునీళ్లు పోయడం మన దేశంలో పాత పద్ధతి. ఈ కుటుంబపు రెండో గుణం నార. గోగు కాండం నుంచి నార తీస్తారు, ఇప్పుడు ఇదే కుటుంబంలో లెక్కిస్తున్న జనపనార మొక్కదీ అదే గుణం. పత్తి ఒక్కటే కాండం బదులు గింజ మీద దూది మొలిపించింది. ఆ గింజలోనే గాసిపాల్ అనే విషపదార్థం కూడా ఉంది. నెమరువేసే పశువులు దాన్ని చాలావరకు తట్టుకుంటాయి కాబట్టి పత్తిచెక్క గేదెల తొట్టిలోకి వెళ్తుంది, కోళ్లకు మాత్రం పనికిరాదు. పత్తిగింజల నూనెను శుద్ధిచేసి గాసిపాల్ తీసేశాకే వంటకు వాడతారు. ఒకే కుటుంబంలో తినే ఆకు, తినే కాయ, తలకు రుద్దుకునే ఆకు, కట్టుకునే బట్ట, జాగ్రత్తగా వాడుకోవాల్సిన గింజ ఇన్ని ఉన్నాయంటే, పెరట్లో నాలుగు మాల్వేసి మొక్కలు పెంచుకున్న ఇల్లాలికి పత్తి గురించి ఎంతో కొంత ముందే తెలుసునన్నమాట.

కుటుంబానికి ఉమ్మడి గుణాలున్నట్టే ఉమ్మడి శత్రువులూ ఉంటాయి. బెండకాయలో తొలిచే మచ్చల పురుగే పత్తి మొగ్గనూ తొలుస్తుంది. గులాబీరంగు పురుగుకు ప్రధాన ఆహారం పత్తే అయినా, పత్తి లేని రోజుల్లో బెండ మీద, ఈ కుటుంబపు ఇతర మొక్కల మీద అది బతకగలదు. 2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది, 2006లో రెండు జన్యువుల రకం వచ్చింది. కాయతొలుచు పురుగుల బెడద పోయిందని అందరూ అనుకున్నారు. పదేళ్లు తిరక్కుండానే గులాబీరంగు పురుగు ఆ రెండింటినీ తట్టుకోవడం నేర్చింది. ఏడాది తర్వాత ఏడాది అదే చేలో అదే కుటుంబం, అదే విషం ఉన్నప్పుడు తట్టుకున్న పురుగు మాత్రమే మిగిలి పిల్లల్ని పెడుతుంది. ఇందులో ఆశ్చర్యపడాల్సింది ఏమీ లేదు. డిసెంబరు, జనవరి కల్లా పత్తి తీసేసి కంపను చేలో ఉంచొద్దని శాస్త్రవేత్తలు మొత్తుకునేది ఈ గొలుసు తెంచడానికే. పిండినల్లిదీ దాదాపు ఇదే కథ. పత్తి మీదే కాకుండా బెండ మీద, మందారం మీద, గట్ల మీది తుత్తురుబెండ మీద అది కాచుకుని ఉంటుంది. గట్టు మీద తుత్తురుబెండ పీకేయడం, ఇంటిముందు మందారానికి తెల్లటి పిండి పట్టగానే ఆ కొమ్మ కత్తిరించి కాల్చేయడం పత్తిరైతు పనిలో భాగమని కుటుంబం తెలిసినవాడికి విడిగా చెప్పనక్కర్లేదు.

ఇక్కడే ఒక మెలిక కూడా ఉంది, దాన్ని దాటవేయకూడదు. పత్తి చుట్టూ బెండను ఎరపంటగా వేయమనీ చెబుతారు, పత్తి పక్కన బెండ వద్దనీ చెబుతారు. రెండూ ఒకదానికొకటి ఎదురుగా ఉన్నట్టు కనిపిస్తాయి. రెండింటి వెనకా ఉన్నది ఒకే నిజం. చుట్టరికం వల్ల మచ్చల పురుగు బెండ వైపు వస్తుంది. వచ్చిన పురుగు పట్టిన కాయల్ని వారానికోసారి కోసి నాశనం చేస్తే బెండ ఎర అవుతుంది. కోయకుండా వదిలేస్తే అదే పురుగుకు పుట్టిల్లవుతుంది. సలహా ఒక్కటే కంఠస్థం చేసిన రైతు ఇందులో సగమే చేస్తాడు. చుట్టరికం అర్థమైన రైతు మిగతా సగమూ తానే ఊహించుకుంటాడు. వ్యవసాయ సలహాల్లో మొక్కల కుటుంబాల మాట చేర్చాలనడానికి ఇంతకంటే బలమైన కారణం కనిపించదు.

సొలనేసి సంగతికి వస్తే, ఈ కుటుంబం తన పిల్లల్లో కొందరికి ఆహారం, కొందరికి మందు, కొందరికి విషం ఇచ్చింది. వంగ, టమాటా కూరలు. అశ్వగంధ మందు. పొగాకు ఒంగోలు, కందుకూరు నేలల్ని ఏళ్ల తరబడి ఏలింది. ఉమ్మెత్త విషం. బంగాళాదుంపకు ఎండ తగిలి పచ్చబడితే అందులో పెరిగేదీ ఈ కుటుంబానికి అలవాటైన విషమే, అందుకే పచ్చబడిన భాగాన్ని లోతుగా చెక్కి పారేస్తారు. చుట్టరికం ఎంత దగ్గరగా ఉంటుందో చూడాలంటే ఒక మిరపగింజను, ఒక ఉమ్మెత్తగింజను పక్కపక్కన పెట్టి చూడాలి. రెండూ చదునైనవే, రెండూ ఇంచుమించు ఒకే ఆకారం. న్యాయవైద్యం చదివే విద్యార్థులకు ఈ రెండింటినీ వేరుచేయడం ఒక పాఠంగానే నేర్పుతారు. మిరపగింజ చిన్నది, పలచన, లేత పసుపు, పైన నున్నగా ఉంటుంది, కొరికితే ఘాటు. ఉమ్మెత్తగింజ కాస్త పెద్దది, మందం, గోధుమరంగు, మూత్రపిండం ఆకారం, పైన సన్నటి గుంటలు, వంపు అంచు రెండు గట్లుగా చీలి ఉంటుంది. అడ్డంగా కోస్తే మిరపలోని బీజాంకురం ఆరు అంకెలా లోపలికి చుట్టుకుని ఉంటుంది, ఉమ్మెత్తలో చివర బయటికి తిరిగి ఉంటుంది. కల్లంలో కాయలు ఆరబోసే చోట గట్టు మీద ఉమ్మెత్త పెరగనివ్వకపోవడం మంచిదని చెప్పడానికి ఇది చాలు.

చుట్టరికానికి తిరుగులేని రుజువు కావాలంటే అంటుకట్టడం చూడాలి. ఉస్తికాయ వేరు మీద వంగను అంటుకడితే మొక్క ఎండు తెగులును తట్టుకుంటుంది. వంగ వేరు మీద టమాటాను నిలబెడతారు. వారణాసిలోని భారత కూరగాయల పరిశోధన సంస్థ ఒకే మొక్కకు వంకాయలు, టమాటాలు కలిపి కాయించింది. ఇదంతా ఒకే కుటుంబం లోపల కాబట్టే కుదిరింది. పత్తి కాండం మీద మిరప కొమ్మను ఎవరూ అతికించలేరు. ఒకరి వేరు మీద ఇంకొకరు బతకగలిగినంత దగ్గరితనం ఉన్నప్పుడు ఒకరి రోగం ఇంకొకరికి అంటడంలో వింత లేదు. వంగను, టమాటాను, మిరపను నిలువునా ఎండబెట్టే బాక్టీరియా నేలలో కాచుకుని ఉంటుంది. మిరప తీసేసిన మడిలో టమాటా నారు పెట్టిన ఇల్లాలు పంట మార్చానని అనుకుంటుంది. ఆ బాక్టీరియా లెక్కలో మాత్రం ఏ మార్పూ జరగలేదు. పంట మార్పిడి అంటే పేరు మార్చడం అనుకున్నంత కాలం ఈ పొరపాటు సాగుతూనే ఉంటుంది.

ఈ రెండు కుటుంబాలు ఇక్కడి నేలను ఇంతగా ఆక్రమించింది ఈమధ్యనే. శ్రీనాథుడి పేరిట చెలామణిలో ఉన్న చాటువుల్లో పలనాడు జొన్నకూటి సీమ. ఆయన నాటికి ఈ సీమలో మిరపకాయే లేదు. అది అమెరికా ఖండాల మొక్క, 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడల్లో మన తీరానికి వచ్చింది. అంతకుముందు తెలుగు వంటకు కారం మిరియం, పిప్పలి. జొన్నచేలో కంది సాళ్లు, అలసంద సాళ్లు కలిపి వేసుకునే మెట్ట సేద్యంలో కనీసం రెండు కుటుంబాలు ఒకే చేలో కలిసి బతికేవి. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. కుడికాలువ నీళ్లతో, దాని వెంట వచ్చిన ఎరువులు, అప్పులు, మార్కెట్లతో గుంటూరు, ప్రకాశం మెట్టలు పత్తికి, మిరపకు మారిపోయాయి. ఈ మార్పు తెచ్చిన డబ్బును తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం. పిల్లల చదువులు, ఇళ్లు, గుంటూరు మిర్చియార్డు, జిన్నింగ్ మిల్లులు అన్నీ దానితోనే వచ్చాయి. కాకపోతే ఒక కుటుంబం మీద ఊరంతా ఆనుకున్నప్పుడు ఆ కుటుంబానికి వచ్చిన రోగం ఊరికి వచ్చిన రోగమైపోతుంది. 1980ల మధ్యలో పైరెత్రాయిడ్ మందులు విచ్చలవిడిగా కొట్టాక తెల్లదోమ చెలరేగి గుంటూరు, ప్రకాశం పత్తిని తుడిచిపెట్టింది. 1987–88లో అప్పులపాలైన పత్తిరైతులు పురుగుమందు తాగి చనిపోయారు. దేశం రైతుల ఆత్మహత్యల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టిన తొలినాళ్ల విషాదాల్లో అది ఒకటి.

ఈ కుటుంబాల వాదనకు గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. తెల్లదోమకు కుటుంబంతో పనేముంది? అది పత్తి మీదా, మిరప మీదా, మినుము మీదా వాలుతుంది. శనగపచ్చ పురుగు పత్తికాయనూ, కందికాయనూ, టమాటానూ ఒకేలా తింటుంది. 2021–22లో మిరప పూలల్లో చేరి తోటలకు తోటలు పీకేయించిన నల్ల తామరపురుగు మన దేశంలో మొదట కనిపించింది బొప్పాయి మీద. ఇన్ని కుటుంబాలు తినే పురుగుల ముందు కుటుంబాల పాఠం ఏం చేస్తుందని అడగడం న్యాయమే. జవాబు రెండు భాగాలు. మొదటిది, అన్నీ తినే పురుగుకైనా ఇష్టాయిష్టాలున్నాయి. బంతి పూత ఉన్నచోట శనగపచ్చ పురుగు గుడ్లు దానిమీద పెట్టడానికి మొగ్గుతుంది, పొగాకు లద్దెపురుగు ఆముదం ఆకును ఎంచుకుంటుంది. మిరప చుట్టూ రెండు మూడు వరసల జొన్న గానీ, సజ్జ గానీ, మొక్కజొన్న గానీ వేయమని వ్యవసాయ విశ్వవిద్యాలయం చెబుతుంది. ఎత్తుగా పెరిగిన గడ్డిజాతి పైరు దోమల రాకకు అడ్డు. మిరపకు ముడత తెచ్చే వైరస్‌లు గడ్డిజాతిలో బతకవు. బంతి పొద్దుతిరుగుడు కుటుంబం, ఆముదం వేరే కుటుంబం, జొన్న ఇంకో కుటుంబం. అంటే ఈ పురుగులకు విరుగుడుగా చెప్పే ప్రతి సలహా మరో కుటుంబాన్ని చేలోకి పిలవమనే చెబుతోంది. రెండోది, అన్నీ తినే పురుగు అన్ని చోట్లా ఒకేలా పెరగదు. కనుచూపు మేర ఒకే పైరు, ఒకేసారి పూతకు వచ్చి, పురుగును తినే పురుగులు మందులకు చచ్చిపోయిన చోట అది ఉప్పెన అవుతుంది. నల్ల తామరపురుగు బొప్పాయి మీద కనిపించినప్పుడు పెద్ద వార్త కాలేదు. ఎకరాల కొద్దీ మిరప పూత దొరికినప్పుడు అయింది.

నేల సారం దగ్గర చిక్కుడు కుటుంబం చేసే మేలును ఇంకే కుటుంబమూ చేయలేదు. ఒక అలసంద మొక్కను పూత దశలో మట్టితో సహా జాగ్రత్తగా పెళ్లగించి, వేళ్లను నీళ్లలో కడిగితే ఆవగింజ నుంచి మిరియపుగింజంత బొడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చీలిస్తే లోపల గులాబీ రంగు. మన రక్తంలో ఉండే పదార్థానికి దగ్గరి పదార్థం వల్ల వచ్చిన రంగు అది. బొడిపెలోని రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చే రూపంలోకి మారుస్తోందని దానికి గుర్తు. లోపల తెల్లగానో పచ్చగానో ఉంటే ఆ బొడిపె పని చేయట్లేదన్నమాట. కంది, మినుము, పెసర, శనగ, చిక్కుడు, గోరుచిక్కుడు, మెంతి, వేరుశనగ, పచ్చిరొట్టకు వేసే జనుము, పిల్లిపెసర అందరిదీ ఈ కుటుంబమే. (జనుముకూ జనపనారకూ పేరు కలిసినా కుటుంబం కలవదు.) మిరపకు, పత్తికి బస్తాలకొద్దీ యూరియా పోసి, లేత ఆకు ఎక్కువై రసం పీల్చే పురుగుల్ని పిలుచుకుని, వాటికి మళ్లీ మందు కొనే రైతుకు ఈ గులాబీ బొడిపె చూపించడం పది ఉపన్యాసాల పెట్టు. పత్తిలో కంది సాళ్లు, మిరపకు ముందు జనుము వేసి కలియదున్నడం అన్నవి కొత్తగా కనిపెట్టాల్సిన పనులేమీ కావు.

ఇవన్నీ పుస్తకాల్లో బాగుంటాయి, ఇక్కడి నేలలో పండేవి పత్తి, మిరపే అనేవాళ్లకు గుంటూరు పక్కనే జవాబుంది. లాం ఫారం 1922 నుంచి పనిచేస్తోంది. మిరపలో ఎల్‌సీఏ 334 వంటి పేరున్న రకాలు వచ్చింది అక్కడినుంచే, పత్తి పరిశోధనకూ అది పెద్ద కేంద్రం. అదే కేంద్రం నుంచి ఎల్‌ఆర్‌జీ పేర్లతో కందులు, ఎల్‌బీజీ పేర్లతో మినుములు, ఎల్‌జీజీ పేర్లతో పెసలు వచ్చాయి. ధనియాల్లో స్వాతి, సాధన, సింధు, సుధ రకాలు వచ్చాయి, మెంతిలో లాం సెలక్షన్–1 వచ్చింది. నల్లరేగడిలో చలికాలపు మంచుతోనూ, మిగిలిన తేమతోనూ పండే ధనియం ఇక్కడి నేలకు బాగా సరిపోయిన పంట. దాని కుటుంబం అపియేసి. గొడుగులా విచ్చుకునే ఆ పూగుత్తి చూస్తే పత్తితోనూ మిరపతోనూ దానికి ఏ చుట్టరికమూ లేదని తెలిసిపోతుంది. ఈ ప్రాంతపు పరిశోధనా కేంద్రం ఇక్కడి నేల కోసం నాలుగు కుటుంబాల రకాలు తయారుచేసి పెట్టింది. వాటిలో రెండే ఊళ్లను ముంచెత్తాయంటే లోపం నేలలో లేదు, శాస్త్రంలోనూ లేదు.

వంటింటి వైపు నుంచి కూడా ఒక అభ్యంతరం వస్తుంది, అది నాకు ఇష్టమైన అభ్యంతరం. రుచి కుటుంబాన్ని బట్టి పోదు కదా అంటారు. నిజమే. ఇంగువ కొత్తిమీర కుటుంబానిది, కానీ దాని వాసన వెల్లుల్లికి దగ్గర, రెండింటిలోనూ గంధకపు పదార్థాలున్నాయి కాబట్టి. ఉల్లి, వెల్లుల్లి తినని ఇళ్లలో పప్పులోకి ఇంగువ వచ్చింది అందుకే. వాము జీలకర్ర కుటుంబం, పెరట్లో కుండీలో పెరిగే దళసరి వామాకు తులసి కుటుంబం, అయినా రెండింటి ఘాటూ ఒకే రకం. మిరపకు ఉన్న కారం వంగకు లేదు, టమాటాకు లేదు, ఆ పదార్థం మిరప జాతికి మాత్రమే సొంతం. కాబట్టి కుటుంబం తెలిస్తే రుచి మొత్తం తెలిసిపోతుందని ఎవరూ చెప్పకూడదు. కానీ కుటుంబం తెలిస్తే ఎక్కడ జాగ్రత్తపడాలో తెలుస్తుంది. దోసకాయ పచ్చడికి కోసేముందు చిన్న ముక్క నోట్లో వేసుకుని చేదు చూడటం ప్రతి తెలుగింట్లోనూ ఉన్న అలవాటు. దోస, బీర, సొర, పొట్ల, కాకర, దొండ, గుమ్మడి ఒకే కుటుంబం, అన్నిటిలోనూ ఒకే కోవ చేదు పదార్థాలు దాగి ఉంటాయి. కాకరలో చేదు మనం కోరుకున్నది. సొరకాయ చేదెక్కితే అది ప్రమాదం. చేదు సొరరసం తాగి ప్రాణాలమీదికి తెచ్చుకున్నవాళ్లు దేశంలో ఉన్నారు, చేదుగా ఉంటే తాగొద్దని భారత వైద్య పరిశోధన మండలి హెచ్చరించింది. దోసకాయకు ఉన్న అలవాటును సొరకాయకూ, బీరకాయకూ పొడిగించమని చెప్పేది కుటుంబ జ్ఞానమే.

పాఠం మొదలుపెట్టడానికి పెరడు మంచి చోటు. అక్కడ పోయేదీ పెద్దగా లేదు, వచ్చేదీ వెంటనే కనిపిస్తుంది. మామూలుగా పెరట్లో ఖాళీ దొరికిన చోటల్లా వంగ, మిరప, టమాటా, మూలకు ఒక బెండ వరస, గోడవార గోంగూర ఉంటాయి. అంటే చేలోని రెండు కుటుంబాలే పెరట్లోనూ. పెరటి పురుగు చేనికి, చేని పురుగు పెరటికి రాకపోకలు సాగిస్తాయి. అదే పెరటిని నాలుగు మడులు చేసి, వంగ, మిరప, టమాటా ఒక మడిలో, బెండ, గోంగూర ఒక మడిలో, అలసంద, గోరుచిక్కుడు ఒక మడిలో, తోటకూర, కొత్తిమీర, ఉల్లి ఒక మడిలో వేసి, ప్రతి పంటకూ మడిని ఒక అడుగు ముందుకు జరుపుకుంటే ఒక కుటుంబం తిరిగి అదే మడికి వచ్చేసరికి మూడు పంటలు గడుస్తాయి. మధ్యలో బంతి. బీర, దొండ, పొట్ల పందిరికి. కరివేపాకు, నిమ్మ ఒకే కుటుంబపు చెట్లు, ఆ రెండింటినీ తినే సీతాకోకచిలుక గొంగళిపురుగూ ఒకటే. నిమ్మ లేతాకు మీద పక్షిరెట్టలా కనిపించే పిల్ల పురుగు ఉంటే కరివేపాకు కొమ్మ కూడా తిరగేసి చూడాలి. చేతితో ఏరేస్తే సరిపోతుంది, తినే ఆకు మీద మందు కొట్టనక్కర్లేదు.

శాస్త్రవేత్తలే కుటుంబాల్ని మారుస్తుంటారు, అలాంటిదాన్ని నమ్ముకుని పంట వేయమంటారా అని అడిగేవాళ్లున్నారు. మారుస్తున్న మాట వాస్తవం. ఉల్లిని లిలియేసిలో చదువుకున్న తరాలున్నాయి, ఇప్పుడు దాన్ని వేరే కుటుంబంలో పెట్టారు. బూరుగ, కోకో, జనపనార ఒకప్పుడు వేరు వేరు కుటుంబాలు, 1998 నుంచి డీఎన్‌ఏ ఆధారంగా చేసిన కొత్త వర్గీకరణలో మాల్వేసిలోకి వచ్చాయి. అయితే ఈ మార్పులన్నీ పొలిమేరల దగ్గర జరిగినవి. పత్తి, బెండ, గోంగూర చుట్టాలు కాదని ఏ వర్గీకరణా చెప్పలేదు, మిరప, వంగ వేరని ఎవరూ అనలేదు. పైగా కొత్త సాక్ష్యం వచ్చినప్పుడు మారగలగడం ఈ జ్ఞానానికి బలమే. ఇక పెద్దలు కుటుంబాల పేర్లు తెలియకుండానే కలిపి పండించారు కదా అనే మాట. జొన్నలో కంది వేసినవాళ్లకు శాస్త్రం తెలియదని ఎవరంటారు? వాళ్లకు ఆ పంటలతో తరతరాల పరిచయం ఉంది. టమాటాతో, సంకర పత్తితో, బీటీతో అలాంటి పరిచయానికి మనకు వ్యవధి దొరకలేదు. ఆ లోటును పూడ్చేది కుటుంబాల జ్ఞానం.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం డబ్బుది. కందికీ, ధనియానికీ వచ్చే రాబడితో కౌలు కట్టలేమని రైతు అంటే దానికి ఎదురుచెప్పడం కష్టం. ఈ వాదన ఎవరినీ పత్తి మానేయమని, మిరప మానేయమని చెప్పదు. అంచు వరసలు, అంతరపంట సాళ్లు, ఒక పంటకీ ఇంకో పంటకీ మధ్య పచ్చిరొట్ట, మూడేళ్లకోసారైనా మడి మార్పు అనే నాలుగు పనుల్లోకి మిగతా కుటుంబాల్ని రానివ్వమని అడుగుతుంది. అయినా అసలు చిక్కు ఇంకోచోట ఉంది. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కౌలురైతుకు ఇచ్చే హక్కు పత్రం 11 నెలలకే. వచ్చే ఏడాది ఈ చేను తనదవుతుందో కాదో తెలియని మనిషికి మూడేళ్ల పంట మార్పిడి గురించి చెప్పడం ఆ మనిషి అవస్థను ఎగతాళి చేసినట్టుంటుంది. భూమి యజమాని ఊళ్లో లేడు, కౌలురైతు వచ్చే ఏడాది ఉండడు, నేలకు ముందటేడు ఏ కుటుంబం వేశారో గుర్తుపెట్టుకునేవాళ్లు ఎవరూ మిగలరు. అయితే ప్రభుత్వం దగ్గర ఆ జ్ఞాపకం ఇప్పటికే ఉంది. సర్వే నంబరు వారీగా ఏ పంట వేశారో ఈ–క్రాప్‌లో ఏటా నమోదవుతూనే ఉంది, పరిహారం, బీమా, కొనుగోళ్లకు దాన్ని వాడుతున్నారు. ఆ నమోదులో పంట పేరు పక్కన కుటుంబం పేరు చేర్చి, విత్తనం కోసం రైతు సేవా కేంద్రానికి వచ్చిన మనిషికి మూడేళ్లుగా ఆ నంబరులో ఏ కుటుంబం ఉందో, ఈసారి అంచున ఏం వేయాలో, ఏ విత్తనం రాయితీలో దొరుకుతుందో ఒక చీటీ మీద రాసివ్వడానికి కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద ఖర్చూ కాదు. యజమానుల సంగతీ అంతే. కౌలు ఒప్పందం మూడేళ్లకు రాసుకుని, అందులో ఒక పంటను పప్పుజాతికో ధనియానికో కేటాయిస్తే ఆ పంటకాలం కౌలులో కొంత తగ్గించే పద్ధతిని గ్రామాల్లో పెద్దమనుషులు, సహకార సంఘాలు కూర్చుని కుదర్చవచ్చు. నేల బాగుపడితే లాభం మొదట దక్కేది యజమానికే కాబట్టి ఆ తగ్గింపు భారం మోయాల్సిందీ యజమానే.